గెయినర్ డబ్బా మూత తీసే ముందు: బరువు పెరగాలనుకునే క్రీడాకారులకు సమగ్ర మార్గదర్శి

కబడ్డీ ఆడే కుర్రాడొకడు ఎండాకాలం శిబిరానికి మూడు కిలోల గెయినర్ డబ్బా బ్యాగులో పెట్టుకుని వచ్చాడు. గెయినర్ అంటే బరువు పెరగడానికి కలుపుకుని తాగే పొడి. వాళ్లమ్మ చీటీ పాడిన డబ్బుతో కొన్నాడట. ఇంకా మూత తీయలేదు. "సార్, ఇది తాగితే కిడ్నీలు పోతాయంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. డబ్బా వెనక్కి తిప్పి చూశాను. ఒక సర్వింగ్, అంటే ఒకసారి తాగే మోతాదు, 300 గ్రాములు. అంటే రోజుకొకటి చొప్పున పదో రోజుకి డబ్బా ఖాళీ. వాడు రెండు నెలలు వస్తుందనుకుంటున్నాడు.

కిడ్నీల సంగతి అందరూ అడుగుతారు, అడగాల్సిందే. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఇది నాకు అసలు కావాలా? డబ్బా మీద రాసిందే లోపల ఉందా? నా అనుభవంలో పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా ఈ రెండో దగ్గరే. కాబట్టి అదే వరసలో వెళ్దాం.

మొదటి అడుగు: మూడు రోజులు తిన్నది రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకుని మూడు రోజులు నోట్లో పడిన ప్రతిదీ రాయండి. టీ, మిక్చరు, స్నేహితుడి ప్లేట్లోంచి లాక్కున్న బజ్జీతో సహా. పైన చెప్పిన కుర్రాడి బరువు 60 కిలోలు. వాడి ఒక రోజు ఇలా ఉంది: పొద్దున నాలుగు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, కాస్త పెరుగు. సాయంత్రం టీ, మిక్చరు. రాత్రి అన్నం, కూర, ఒక గుడ్డు. లెక్క వేస్తే ప్రోటీన్ 50 గ్రాములు దాటింది అంతే. గ్రౌండులో రెండు పూటలా చెమటోడ్చేవాడికి ఇది చాలదు.

మరి ఎంత కావాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలంటుంది. బరువులెత్తి కండ పెంచేవాళ్లకు కూడా కిలోకు 1.6 గ్రాములు దాటితే అదనంగా పెద్ద లాభం ఉండదని 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ మార్గదర్శకాల్లోనే కండల కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దని కూడా ఉంది. అంత గట్టిగా నేను చెప్పను. ఊరూరా తిరుగుతూ దొరికింది తిని ఆడేవాడికి పొడి కొన్నిసార్లు పనికొస్తుంది. కానీ 1.6 అన్న అంకె మాత్రం గుర్తుపెట్టుకోండి. మనవాడికి 60 ఇంటూ 1.6, అంటే 96 గ్రాములు. తక్కువ పడుతున్నది 45 గ్రాముల లోపే.

ఆ లోటు పూడ్చడానికి రోజూ తినేదానికి ఇవి కలిపాం: రెండు గుడ్లు 12 గ్రాములు, 300 మిల్లీలీటర్ల గేదె పాలు 11, గుప్పెడు పుట్నాలు (50 గ్రాములు) 11, చారెడు వేరుశనగ పప్పులు (30 గ్రాములు) 7 పైచిలుకు. పెరుగు ఇంకో గరిటె. అయిపోయింది.

బరువు పెరగడానికి ప్రోటీన్ ఒక్కటే చాలదు, కేలరీలు కూడా మిగలాలి. రోజూ ఖర్చయ్యేదాని కంటే 300 నుంచి 500 కేలరీలు ఎక్కువ తింటే సరిపోతుంది. వారానికి ఒంటి బరువులో పావు నుంచి అర శాతం పెరిగితే ఆరోగ్యంగా పెరుగుతున్నట్టు. 60 కిలోల వాడికి అది 150 నుంచి 300 గ్రాములు, నెలకు మహా అయితే కిలో చిల్లర. "నెలలో ఐదు కిలోలు గ్యారంటీ" అని ఎవరైనా అంటే అందులో ఎక్కువ భాగం కొవ్వో నీరో అయ్యుండాలి, లేదా పొడిలో ఇంకేదో కలిసి ఉండాలి. ఆ ఇంకేదో గురించి కిందికి వెళ్లాక చెబుతాను.

బరువు విభాగాలున్న ఆటలవాళ్లు ఇక్కడే ఒకసారి ఆగాలి. కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ సంగతి తెలిసిందే. కబడ్డీలో కూడా బరువుకు గరిష్ఠ పరిమితి ఉంటుంది. పెరిగి పరిమితి దాటి, పోటీకి నాలుగు రోజుల ముందు నీళ్లు మానేసి తగ్గే పిల్లల్ని చూశాను. కోచ్‌తో మాట్లాడి లక్ష్యం ఎంతో కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టండి.

రెండో అడుగు: రక్త పరీక్ష

ఇప్పుడు కిడ్నీల మాట. కిడ్నీలు బాగున్నవాళ్లకు పైన చెప్పిన మోతాదులో ప్రోటీన్ వల్ల అవి పాడవుతాయనడానికి ఆధారాల్లేవు. ముందే దెబ్బతిన్న కిడ్నీలకు మాత్రం ఎక్కువ ప్రోటీన్ బరువే. చిక్కేమిటంటే, కిడ్నీలు చాలావరకు పాడయ్యేదాకా పైకి ఏమీ తెలియదు. అందుకే పొడి మొదలుపెట్టక ముందే సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష, పరగడుపున షుగర్, లివర్ పరీక్ష చేయించండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పిల్లలకు ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీ జబ్బు రావడం దశాబ్దాలుగా చూస్తున్నాం. కారణం ఇప్పటికీ తేలలేదు. ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతుంటే డాక్టర్‌కు ఆ విషయం చెప్పకుండా ఏ డబ్బా జోలికీ వెళ్లొద్దు.

ఇంకో చిన్న సంగతి. చాలా గెయినర్లలో క్రియాటిన్ కలుపుతారు. అది నిషేధిత పదార్థం కాదు, కానీ దానివల్ల పరీక్షలో క్రియాటినిన్ అంకె కాస్త పెరిగి కనిపించవచ్చు. వాడుతున్నట్టు డాక్టర్‌కు చెప్పకపోతే అనవసరమైన టెన్షన్.

షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉన్నవాళ్లు గెయినర్ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎందుకో తర్వాతి అడుగులో తెలుస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు నేనైతే గెయినర్ ఇవ్వను. వాళ్లకు వంటిల్లే చాలు.

మూడో అడుగు: డబ్బా వెనక ఉన్న సన్న అక్షరాలు

ముందు వైపు కండలు తిరిగిన బొమ్మ ఉంటుంది. దాన్ని వదిలేసి వెనక్కి తిప్పండి. చూడాల్సినవి మూడు.

మొదట సర్వింగ్ ఎంతో చూడండి. "ఒక సర్వింగ్‌లో 50 గ్రాముల ప్రోటీన్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ సర్వింగ్ 300 గ్రాములని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్రోటీన్‌ను సర్వింగ్‌తో భాగించి వందతో గుణించండి. 17 శాతం కూడా రాలేదు. మన కిరాణా కొట్లో దొరికే పుట్నాల్లో వంద గ్రాములకు 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. పాల నుంచి తీసిన వే ప్రోటీన్ పుట్నాల కంటే మేలైనదే, ఒంటికి బాగా పడుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ డబ్బాలో అది ఆరో వంతే. మరికొన్ని కంపెనీలు అర లీటరు పాలతో కలిపాక వచ్చే అంకెల్ని ముందు వైపు వేస్తాయి. పాల ప్రోటీన్ కూడా వాళ్ల ఖాతాలోకే!

రెండోది పదార్థాల జాబితా. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలన్నది రూలు. గెయినర్లలో దాదాపు ఎప్పుడూ మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. మొక్కజొన్న, కర్రపెండలం లాంటి వాటి పిండి నుంచి తయారుచేసే పొడి ఇది. నోటికి పెద్దగా తియ్యగా ఉండదు, లేబుల్ మీద చక్కెర లెక్కలోకీ రాదు. రక్తంలోకి మాత్రం గ్లూకోజ్‌తో పోటీ పడి ఎక్కుతుంది. షుగర్ ఉన్న ఇళ్లవాళ్లు జాగ్రత్త పడాలన్నది ఇందుకే. కిలో గెయినర్‌లో ముప్పావు కిలో దాకా ఇదే అయితే, మీరు డబ్బు పెట్టింది దేనికో మీరే చూసుకోండి.

మూడోది అనుమతులు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత సంస్థ) గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, గడువు తేదీ, ఎమ్మార్పీ. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామాతో స్టిక్కర్ ఉండాలి. ఆ 14 అంకెలు ఉన్నాయా లేదా అని చూసి వదిలేయకండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కొట్టి చూడండి. ఏ కంపెనీ పేరు వస్తుందో, అది డబ్బా మీది పేరేనా కాదా అక్కడ తేలుతుంది.

"ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి, ఏది ఎంతో చెప్పకుండా దాటేసిన డబ్బాలను క్రీడాకారులు పక్కన పెట్టేయడమే మంచిది.

నాలుగో అడుగు: లేబుల్‌ను ఎంతవరకు నమ్మాలి

కేరళకు చెందిన లివర్ డాక్టర్ సిరియక్ ఆబీ ఫిలిప్స్ బృందం మన దేశంలో అమ్ముడయ్యే 36 ప్రోటీన్ పొడుల్ని ల్యాబులో పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం పొడుల్లో లేబుల్ మీద రాసిన ప్రోటీన్‌కూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. 14 శాతం పొడుల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు దొరికాయి.

ఈ మోసం ఎలా జరుగుతుందంటే, మామూలు పరీక్షలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. నైట్రోజన్ ఎంతుందో చూసి 6.25తో గుణిస్తారు. అందుకని గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపేస్తే నైట్రోజన్ పెరుగుతుంది, కాగితం మీద ప్రోటీన్ కూడా పెరుగుతుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ కలిపింది కూడా ఈ లెక్కను ఏమార్చడానికే. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపిస్తే అనుమానించండి.

తక్కువ ప్రోటీన్ ఉంటే డబ్బు పోతుంది, అంతే. లేబుల్ మీద లేనిది లోపల ఉంటే ఆరోగ్యం పోతుంది, ఆట కూడా పోతుంది. జిమ్ముల్లో, ఆన్‌లైన్‌లో "ఆయుర్వేద వెయిట్ గెయిన్ పౌడర్" పేరుతో అమ్మే కొన్ని సరుకుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఆకలి పెంచే సైప్రోహెప్టడిన్ మాత్రల పొడి కలుపుతున్న సంగతి డాక్టర్లకు కొత్త కాదు. నా దగ్గరికి ఒక అబ్బాయి జిప్ కవర్లో కట్టిన లేత గోధుమరంగు పొడి తెచ్చాడు. పేరు లేదు, బ్యాచ్ లేదు, "దేశీ మూలికలు" అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. మూడు వారాల్లో నాలుగు కిలోలు పెరిగాడు. వార్మప్‌లోనే ఆవలింతలు, మధ్యాహ్నం పడుకుంటే లేపినా లేవడు. ముఖం గుండ్రంగా ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. వాళ్ల నానమ్మ "మనవడు పుష్టిగా అయ్యాడు" అని మురిసిపోతోంది. నాకు మాత్రం గుండె జారింది.

ఇలాంటివి కనిపిస్తే ఆ రోజే ఆ పొడితో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వారాల తరబడి స్టెరాయిడ్ ఒంట్లోకి వెళ్లి ఉంటే, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రమాదమే. ఒళ్లు తన సొంత హార్మోన్ తయారీ తగ్గించుకుని ఉంటుంది కాబట్టి బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు. ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఐదో అడుగు: డోప్ పరీక్షకు వెళ్లేవాళ్లకు

రాష్ట్ర స్థాయి దాటి ఆడాలనుకునే ప్రతివాళ్లూ దీన్ని రెండుసార్లు చదవండి.

డోపింగ్ నియమం చాలా కఠినం. మీ ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే బాధ్యత మీదే. తెలిసి తిన్నారా, తెలియక తిన్నారా అన్నది శిక్ష ఎంత అనే దగ్గర వచ్చే ప్రశ్న. పదార్థాన్ని బట్టి, కావాలని తీసుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి, మొదటిసారికే నాలుగేళ్ల దాకా నిషేధం పడవచ్చు. 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లిన రెజ్లర్ నర్సింగ్ యాదవ్ తన తిండిలో ఎవరో కలిపారని మొత్తుకున్నాడు. మన దేశపు యాంటీ డోపింగ్ సంస్థ నాడా ప్యానెల్ అతని మాట విని వదిలేసింది కూడా. అయినా క్రీడల అంతర్జాతీయ కోర్టు నాలుగేళ్లు నిషేధించింది, బరిలోకి దిగకుండానే తిరిగొచ్చాడు.

సప్లిమెంట్లలో కల్తీ కొత్త సంగతి కాదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అండతో జర్మనీలోని కొలోన్ ల్యాబ్ 13 దేశాల నుంచి 634 సప్లిమెంట్లు తెచ్చి పరీక్షిస్తే 94లో లేబుల్ మీద లేని హార్మోన్ సంబంధ పదార్థాలు దొరికాయి. అంటే దాదాపు ఏడింటికొకటి. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. కావాలని కలపకపోయినా చాలు, ఒకే యంత్రంలో ముందు వేరే సరుకు ఆడించి సరిగ్గా కడగకపోతే ఆ మిగులు మీ డబ్బాలోకి వస్తుంది. డోప్ ల్యాబులు అంత కొంచెం ఉన్నా పట్టేస్తాయి.

మీరు చేయగలిగింది ఏమిటి? ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్, ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ గుర్తులున్న సరుకునే కొనండి. నిషేధిత పదార్థాలున్నాయేమో పరీక్షించే బయటి సంస్థల గుర్తులివి. డబ్బా మీద గుర్తు చూసి ఊరుకోకండి. ఆ సంస్థల వెబ్‌సైట్లో మీ డబ్బా బ్యాచ్ నంబర్ పరీక్షించినదేనా అని వెతకండి. కంపెనీ మంచిదైనా ఆ బ్యాచ్ పరీక్ష కాకపోతే ఆ గుర్తుకు విలువ లేదు. ఇంత చేసినా పూచీ నూటికి నూరు ఉండదు, ప్రమాదం తగ్గుతుందంతే.

ఇంకో మూడు అలవాట్లు చేసుకోండి. బిల్లు, బ్యాచ్ నంబర్ ఫోటో తీసి ఫోన్లో దాచుకోండి. కుదిరితే అదే బ్యాచ్ డబ్బా ఇంకోటి సీలు తీయకుండా అట్టిపెట్టండి. రేపు కల్తీ అని నిరూపించాల్సి వస్తే మూత తీసిన డబ్బా కంటే సీలున్న డబ్బాకే విలువ. డోప్ పరీక్ష రోజు ఇచ్చే ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన ప్రతి మందూ, ప్రతి పొడీ పేరు రాయండి. చాలామంది పిల్లలు భయపడి ఖాళీగా వదిలేస్తారు. తర్వాత అదే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

స్నేహితుడి షేకర్లోంచి ఒక గుక్క కూడా వద్దు. ఇది పెద్దగా చెప్పాల్సిన విషయం కాదు గానీ, ప్రతి శిబిరంలో చెప్పాల్సే వస్తోంది.

ఆరో అడుగు: కొనడం

కంపెనీ సొంత వెబ్‌సైట్ లేదా వాళ్లు తమ డీలరుగా చూపించిన షాపు. బిల్లు తప్పనిసరి. ఎమ్మార్పీలో సగానికి ఇస్తామంటే గడువు దగ్గరపడిన సరుకో, నకిలీయో అయ్యుంటుంది. మూత కింద వెండి రంగు సీలు అంచుల్లో జిగురు మరకలున్నా, ముద్రణ అలికినట్టున్నా తీసుకోవద్దు. స్క్రాచ్ కోడ్ ఉంటే కంపెనీ వెబ్‌సైట్ అడ్రసును మీరే టైపు చేసి చూడండి. డబ్బా మీది క్యూఆర్ కోడ్‌ను నమ్మి స్కాన్ చేస్తే నకిలీవాడు తయారుచేసిన "ఒరిజినల్" పేజీయే తెరుచుకోవచ్చు. విడిగా తూచి ఇచ్చే పొడి ఎవరిచ్చినా, మీ కోచ్ ఇచ్చినా సరే, వద్దు.

ఏడో అడుగు: వాడటం

మొదటి రోజే మూడు స్కూపులు కొట్టకండి. లేబుల్ చెప్పిన సర్వింగ్‌లో నాలుగో వంతుతో మొదలుపెట్టి వారం చూడండి. మనవాళ్లలో చాలామందికి పెద్దయ్యాక పాల చక్కెర (లాక్టోజ్) సరిగా అరగదు. కడుపుబ్బరం, గ్యాస్, విరేచనాలు వస్తే అదే కారణం కావచ్చు. పాలతో కాకుండా నీళ్లతో కలిపి చూడండి. అప్పటికీ తగ్గకపోతే లాక్టోజ్ తక్కువుండే వే ఐసొలేట్ రకానికి మారాలి. మొటిమలు ఎక్కువైనా కొన్నాళ్లు ఆపి చూడండి.

భోజనం బదులు గెయినర్ తాగడం పొరపాటు. అన్నం తినకముందే తాగితే ఆకలి చచ్చిపోయి, పెరగాల్సినవాడు ఉన్నదగ్గరే ఆగుతాడు. ప్రాక్టీసు అయ్యాకో, రెండు భోజనాల మధ్యో తాగండి.

షేకర్ తాగిన వెంటనే కడగండి. పొద్దున తాగి బ్యాగులో పడేసి సాయంత్రం మూత తీస్తే వచ్చే ఆ పులిసిన వాసన తెలియని జిమ్ము కుర్రాడు ఉండడు. కాకినాడ, విశాఖ వైపు గాలిలో తేమకు పొడి గడ్డకడుతుంది. తడి స్కూపు లోపల పెట్టకండి. గడ్డలు కట్టి వాసన మారితే ఎంత పెట్టి కొన్నా సరే, పారేయాల్సిందే.

వారానికోసారి, ఒకే రోజు, పొద్దున కాలకృత్యాలయ్యాక బరువు చూసి రాయండి. నడుము కొలత కూడా రాయండి. బరువుతో పాటు నడుము కూడా అంతే జోరుగా పెరుగుతుంటే పొడి తగ్గించండి. కాళ్ల వాపు, మూత్రంలో ఆగని నురగ, కళ్లు పచ్చబడటం, గుండె దడ, ముఖం ఉబ్బడం వీటిలో ఏది కనిపించినా వైద్యుణ్ని కలవాలి.

వంటింటి గెయినర్

గేదె పాలు 300 మిల్లీలీటర్లు, రెండు అరటిపళ్లు, వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పులు 30 గ్రాములు, పుట్నాల పొడి 40 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మిక్సీలో కొట్టండి. సుమారు 900 కేలరీలు, 30 గ్రాముల దగ్గర ప్రోటీన్. గట్టిగా అనిపిస్తే రెండు విడతలుగా తాగండి. ఎగురుతూ దూకుతూ ఆడే పిల్లలకు ప్రాక్టీసుకు ముందు మాత్రం వద్దు, కడుపులో కదులుతుంది. గుడ్లు విడిగా ఉడికించి తినండి, పచ్చివి ఇందులో కొట్టొద్దు.

ఇంటిది కదా అని కళ్లు మూసుకోవడానికి లేదు. పైన చెప్పిన అఫ్లాటాక్సిన్ ఎక్కువగా వచ్చేది బూజు పట్టిన వేరుశనగ లాంటి వాటిలోనే. ముడుచుకున్నవి, నల్లబడినవి, చేదు తగిలినవి ఏరి పారేయాలి. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు.

డబ్బా తెచ్చిన కుర్రాడు ఈ గ్లాసు మీదే పడ్డాడు. మూడు నెలలకు మూడున్నర కిలోలు పెరిగాడు. మూత తీయని డబ్బాను షాపువాడు మొదట వెనక్కి తీసుకోనన్నాడు. బిల్లు చూపించి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తామనగానే తీసుకున్నాడు. సరుకు కల్తీ అని అనుమానం ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబర్ 1800112100కు చెప్పండి, లేదా అదే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోలతో ఫిర్యాదు పెట్టండి. మిగిలిన పొడిని మాత్రం పారేయకండి, డబ్బాతో సహా అలాగే ఉంచండి.